ఇంకో వరుస

టైలరమ్మ పొద్దున్నే లేచి, నిన్నటి దారప్పోగులు ఊడ్చి, మిషనుకు నూనె చుక్క వేసి, ఆ తర్వాతే స్నానానికి వెళ్తుంది. స్నానం చేస్తుంటే రెండు మోచేతులూ రెండు గోడలకు తగులుతాయి. మొదట్లో ఇలా లేదు. మొగుడు చనిపోయిన ఏడాది బాత్రూమ్ గోడలు జానెడు లోపలికొచ్చాయి. తోడుగా వచ్చి ఉన్న చెల్లెలు కూడా సంచి సర్దుకుని లేడీస్ హాస్టల్‌కు వెళ్లిపోయాక ఇంకో జానెడు వచ్చాయి. మనుషులు తగ్గిన ఇళ్లల్లో బాత్రూమ్‌లు అంతే, వానలకు తలుపులు ఉబ్బినట్టు. దానికెవరూ నోరెళ్లబెట్టరు.

చెల్లెలు ఎందుకు వెళ్లిందంటే "దానికి పొగరు" అంటుంది టైలరమ్మ. జరిగింది వేరు. చెల్లెలు ముచ్చటపడి కిటికీకి కొత్త తెర కడితే, "అడక్కుండా నా గోడకు మేకు కొట్టడానికి నువ్వెవతివే" అని ఈవిడే అంది. ఆ నోటి పదునుకు వీధిలో సగం పలకరింపులు ఎప్పుడో తెగిపోయాయి.

బాత్రూమ్ నేల పాచిపట్టి నున్నబడింది. మొన్న కాలు జారి పడింది. కేకేద్దామంటే ఎవరిని పిలిచి కేకెయ్యాలో తోచలేదు. గోడ పట్టుకుని తనే లేచింది. గోడలు దగ్గరికి రావడం వల్ల ఆ ఒక్క సుఖం ఉంది మరి.

మర్నాడు టైల్స్ కొట్టుకు వెళ్లింది. కొట్టతను తళతళలాడే టైలు ఒకటి తుడిచి చూపించాడు.

"అద్దంలా ఉంటుందమ్మా."

"అద్దంలో మొహం చూసుకుంటారు, కాలు పెట్టరు. గరుకువి చూపించు."

అతను వినైల్ షీటు చుట్ట విప్పాడు. "పోనీ ఇది చూడండి, మెత్తగా ఉంటుంది. గది ఇంకా తగ్గినా అంచు కత్తిరించుకోవచ్చు."

"ఇంకేం తగ్గుతుంది? ఉన్నదే ఒక్కదాన్ని."

కొట్టతను షీటు చుట్టేశాడు.

చివరికి బూడిదరంగువి, చిన్నవి, అరికాలికి పట్టు తెలిసేవి ఎంచుకుంది. మేస్త్రీని కొలవనివ్వండి, నాలుగు ఎక్కువ తీసుకోండి అని కొట్టతను చెప్పి చూశాడు. "నా టేపు ఇంతవరకు ఎవరి నడుమూ తప్పు చెప్పలేదు. ఎక్కువవి నెత్తిన పెట్టుకోనా?" అని ఈవిడ తన కొలతకు సరిగ్గా సరిపడా తీసుకుంది.

మేస్త్రీ వచ్చి బాత్రూమ్‌లో అడుగుపెట్టగానే గోడలు వెనక్కి జరిగాయి, బస్సులో పక్కవాళ్లు సర్దుకుని చోటిచ్చినట్టు. పాత నేల పెళ్లగించాక అతను టైల్స్ ఊరికే పరిచి చూశాడు. తలుపు వైపు ఒక వరుస చాల్లేదు.

"కొలిచినప్పుడు ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"నేనే."

"అదీ సంగతి." మేస్త్రీ తాపీ పక్కన పెట్టాడు. "ఎంతమందికి వెయ్యమంటారు?"

టైలరమ్మ మెడలో టేపు తీసి ఆ ఖాళీ అంచును మళ్లీ కొలిచింది.

"ఒక్కరికైతే ఉన్నవి చాలు. ఈ అంచు వదిలేస్తా, నేను వెళ్లాక గోడ వచ్చి కూర్చుంటుంది. ఇద్దరికైతే ఇంకో వరుస తెప్పించండి. సిమెంటు ఆరేదాకా ఇంకో మనిషిని ఇంట్లో ఉంచుకోండి, లేకపోతే గోడలొచ్చి టైల్స్ పగలగొడతాయి. ఎలాగైనా సరే, ఒకసారి బిగిశాక గది ఇక మారదు."

"నువ్వే ఉండకూడదూ?"

"మా ఆవిడ ఒప్పుకోదమ్మా."

టైలరమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. పక్కింటావిడను అడుగుదామంటే, ఆవిడ లావు గురించి మొగుడి ముందే అనేసి ఉంది. ఒక్కదానికే వెయ్యమంటే ఇవాళ్టితో పీడా పోతుంది. ఆ మాట చెప్పడానికే లేచింది. లేచి ఫోను తీసింది.

"ఏంటే, పనిలో ఉన్నావా?"

"ఎవరు పోయారు?" అంది చెల్లెలు.

"ఎవరూ పోలేదు. బాత్రూమ్‌కు టైల్స్ వేయిస్తున్నా. ఒక వరుస తక్కువైంది."

"అయితే కొట్టుకు ఫోన్ చెయ్యి."

"ఆరేదాకా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలట." ఆపైన రావలసిన మాట తుప్పుపట్టిన జిప్పులా ఇరుక్కుని, కదిలి, చివరికి వచ్చింది. "వస్తావా?"

మేస్త్రీ అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి చెల్లెలు దిగింది, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో దారిలో కొట్టతన్ని అడిగి తెచ్చిన అవే టైల్స్ పెట్టె. బాత్రూమ్‌లోకి తొంగిచూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఊళ్లోవాళ్లకు కుట్టేటప్పుడు, ఒళ్లొస్తే విప్పుకోడానికని లోపల గుడ్డ వదులుతావు కదా. నీ ఇంటికి వదల్లేదేం?"

టైలరమ్మ దగ్గర జవాబు ఉంది. మింగేసింది. "టీ తాగుతావా?" అంది.

"తాగుతా. కానీ ఆరేదాకానే ఉంటా. ఆరిన పొద్దునే వెళ్లిపోతా."

మేస్త్రీ పని ముగించి, రెండు మూడు రోజుల్లో రాయి అవుతుందని, టైల్స్ సందుల్లో వేలితో నొక్కి చూసుకోమని చెప్పి వెళ్లాడు. ఆ రోజు నుంచి చెల్లెలు లేవగానే వంగి నొక్కి చూసేది. "ఇంకా తడి" అని సంచి ఇక్కడే వదిలి డ్యూటీకి పోయేది. తిరిగొచ్చే మనిషే కాబట్టి గోడలు కదిలేవి కావు. సాయంత్రం వచ్చేది. ఇద్దరూ తిన్నది తక్కువ, పోట్లాడుకున్నది ఎక్కువ.

అలా వారం దాటింది. ఒక పొద్దున టైలరమ్మ ముందుగా లేచి, తనే వంగి సందును గోటితో గీసింది. గోరు విరిగింది. గోడలు తోసి చూసింది. కొండను తోసినట్టుంది. ఇక ఈ గదికి ఎవరి తోడూ అక్కర్లేదు. వచ్చి మిషను ముందు కూర్చుంది, కానీ సూదిలో దారం ఎంతకీ ఎక్కలేదు.

చెల్లెలు లేచింది. బాత్రూమ్‌లోకి వెళ్లింది. చాలాసేపటికి గొంతు వినిపించింది.

"ఇంకా ఆరలేదక్కా."

బయట ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది.

"చలికాలం కదే," అంది టైలరమ్మ, మెడ మీద చెమట తుడుచుకుంటూ. "ఆలస్యమవుతుంది."