అత్తాకోడళ్ళ దరఖాస్తులు

విశ్వవిద్యాలయంలోని వైద్య పరిశోధన విభాగంలో ఉద్యోగాలు పడ్డాయని కోడలు వంటింట్లోకొచ్చి చదివి వినిపించింది. ప్రయోగశాలలో మూడు, నర్సులకు రెండు. ప్రయోగశాల పని ఆమె చదువుకు సరిగ్గా అతికినట్టుంది. "మంచిది, పెట్టు" అంది అత్తగారు. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా పిల్లల వార్డులో నర్సు. అంట్లు తోమి చేతులు తుడుచుకున్నాక మాత్రం, ఫోను తీసుకుని నర్సుల వివరాలు రెండుసార్లు చదివింది. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం రెండు దరఖాస్తులు ముందేసుకుని కూర్చుంది.

"నాకెందుకమ్మా ఈ వయసులో?"

"వయసు అడ్డం లేదు, చూశాను. మీ అనుభవం చెప్పండి అత్తయ్యా, రాస్తాను."

"ఇరవై ఆరేళ్ళు, పిల్లల వార్డు. అంతే."

"అంతేనా? ఏం చేశారో చెప్పండి."

అత్తగారు మొదట నసిగింది. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఒక మందు ఎక్కించిన కాసేపటికల్లా పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయని గమనించి, నెల్లాళ్ళు పుస్తకంలో రాసి పెద్ద డాక్టరు ముందు పెట్టిందట. ఆయన ముందు కసురుకున్నాడు. చదివాక మోతాదు తగ్గించాడు.

కోడలు టైపు చేయడం ఆపింది. "మాకు కాలేజీలో నాలుగేళ్ళు నేర్పింది ఇదే కదా."

ఇద్దరికీ పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో ఆడ ప్రొఫెసరు ఒకావిడ అత్తగారిని అడిగింది. "కొత్త మందు పరీక్షలో చేరబోయే పిల్లాడి తల్లి, దీంతో మావాడికి నయమవుతుందా అంటే ఏం చెప్తారు?"

"తెలీదనే చెప్తానండి. తెలిస్తే పరీక్షే అక్కర్లేదు కదా. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చనీ, మానేసినా వైద్యం ఆగదనీ చెప్తాను. ఆవిడ ఏడుస్తుంటే మాత్రం ఒప్పుకోలు కాగితం మీద సంతకం అడగను. మర్నాడు రమ్మంటాను."

ఉద్యోగం అత్తగారికి వచ్చింది. కోడలికి రాలేదు. ఆ పూట అత్తగారు కంచం పక్కన పెట్టేసింది.

"దారి చూపించిందానివి నువ్వు. నేనొక్కదాన్నే ఎలా పోను?"

"మీ ఉద్యోగం ఎలాగూ నాకివ్వరు. సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి నాకు." కోడలు నవ్వింది గానీ తన కంచంలో అన్నం కెలుకుతూనే ఉంది. అత్తగారు కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది.

ఉద్యోగంలో చేరాక కంప్యూటర్లో పట్టికలు నింపడం ఆవిడకు కొరకరాని కొయ్య అయింది. కోడలు రోజూ ఇంట్లో దగ్గర కూర్చుని నేర్పింది. అత్తగారు ఊరికే ఉందా? నోటీసు బోర్డు మీద ఓ కన్నేసి ఉంచింది. ఐదో నెలలో ప్రయోగశాలలో ఒక ఖాళీ పడింది. ఈసారి కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి, ప్రొఫెసరులా ప్రశ్నలడిగి కోడల్ని తయారుచేసింది. ఉద్యోగం వచ్చింది.

అత్తాకోడళ్ళు ఒకేచోటా, ఉప్పూ నిప్పూ అని చుట్టాలు నవ్వారు. చేరిన వారానికే, అత్తగారు తెచ్చిన రక్తపు సీసాల్లో ఒకదాన్ని కోడలు ప్రయోగశాల కిటికీలోంచి వెనక్కి జరిపింది.

"సీసా మీద నంబరుకీ కాగితంలో నంబరుకీ ఒక అంకె తేడాగా ఉందండీ. సరిచూసుకుని రండి."

"అలాగే మేడమ్" అంది అత్తగారు. రెండంతస్తుల మెట్లు ఎక్కుతూ, ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంది, తన తప్పును కోడలు ఇట్టే పట్టేసిందని.