పదిహేడో నంబరు దవడపన్ను

పొద్దున పళ్ళాసుపత్రి కింది ల్యాబుకి రాగానే ఆవిడ చేసే మొదటి పని సీసాల్లో ఉప్పునీళ్ళు మార్చడం. పీకిన పళ్ళు ఎండితే పెళుసెక్కి లెక్కలు తప్పొస్తాయి. తర్వాత ఒక్కో పంటినీ వేరుదాకా ప్లాస్టిక్ దిమ్మలో పాతి, ప్రెస్సు కింద పెట్టి, ఉక్కు కడ్డీతో నెమ్మదిగా నొక్కుతుంది. ఎన్ని కిలోలకి విరిగిందో పుస్తకంలో ఎక్కిస్తుంది. విరిగేటప్పుడు పన్ను ఏమందో పక్కగడిలో రాస్తుంది. మనిషి పంటిబిగువున ఆపుకున్న మాట అప్పుడు బయటికొస్తుంది మరి. "అమ్మా" అనేవే ఎక్కువ. బూతులొస్తే చుక్కలు పెట్టమని పెద్ద డాక్టరుగారి ఆర్డరు.

ఆ రోజు పదిహేడో నంబరు ఆవిడ మొగుడి దవడపన్ను. అప్పుడే పై అంతస్తులో పీకారు. ఆయన దూది కరుచుకుని అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు.

మూడు వారాలుగా ఆవిడ మనసు మనసులో లేదు. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆయన చూస్తే టైలరు, ఇరవయ్యేళ్ళ షాపు. "వెళ్ళమంటారా, వద్దంటారా?" అని అడిగినప్పుడల్లా "నీ ఇష్టం" అని సూదిలో దారం ఎక్కించుకునేవాడు. అది కోపమో, దీవెనో, పీడా విరగడైందన్న సంబరమో ఆవిడకి అంతుపట్టలేదు. వెళ్తే కాపురం రెండు ముక్కలు. ఉండిపోతే జీవితాంతం కడుపుమంట.

"మీ ఆయనదేగా? నన్ను నొక్కమంటారా?" అన్నాడు పక్కబల్ల దగ్గర పళ్ళ ఫొటోలు తీసే పెద్దాయన.

"అడిగితే చెప్పని మాట ఇలా లాగడం తప్పు కాదంటారా?"

"సంతకం పెట్టే ఇచ్చాడుగా."

"పెళ్ళాం వింటుందని ఆ కాగితంలో లేదు కదండీ," అంటూనే ఆవిడ బటన్ నొక్కింది.

నూటయాభై దగ్గర టిక్కుమంది. పైపొర గట్టిదే కానీ పెళుసు. కిందిపొర కాస్త వంగి బరువు మోస్తుంది. మామూలు దవడపళ్ళు రెండొందలకి అటూ ఇటూగా విరుగుతాయి. ఇది రెండొందల యాభై దాటింది. మూడొందలు దాటింది. ఇంత బరువు కింద ఏం దాచాడీ మనిషి? ఆపేస్తే ఏ సంగతీ తెలియదు, ఆపకపోతే ఏం వినాల్సొస్తుందో. ఆవిడకి భయమేసింది. అయినా ఆపలేదు.

మూడొందల నలభైకి పన్ను ఫట్టుమంది.

"నన్ను కూడా రమ్మని అడగవేం?" అంది, అచ్చం ఆయన గొంతుతో.

షాపు వదిలి రాడని ఆయన తరఫున ఆవిడే తేల్చేసుకుంది. ఆ ఒక్కటీ తప్ప అన్నీ అడిగింది. పక్కగడిలో ఏమీ రాయకుండానే మెట్లెక్కింది.

ఆయన బుగ్గ వాచి బన్నులా ఉంది.

"నాతో వచ్చేస్తారా?" అందావిడ.

అరగంట నోరు తెరవొద్దని డాక్టరు చెప్పినా ఆయన లెక్కచెయ్యలేదు. దూది తీసేసి, "వీధివైపు గది ఉన్న ఇల్లు కావాలి," అన్నాడు. కుట్టుమిషను ఎలా విప్పి కట్టాలో, సగం కుట్టిన కోట్లు ఎవరికి అప్పగించాలో, కొత్త బోర్డు మీద ఏ రంగు బాగుంటుందో, గడ్డం మీదికి రక్తం కారుతున్నా ఆపకుండా చెప్తూనే ఉన్నాడు.