ఒడ్డున ఒకరికి చెప్పి

ఊళ్ళో సగం మంది నవ్వు ఆయన చేతుల మీదుగా వచ్చిందే. అయినా ఆ నవ్వేవాళ్ళెవరికీ ఆయన మొహం తెలియదు. దంతవైద్యుడి ఆసుపత్రిలో వెనకగది ఆయనది. ముందుగదిలోంచి ప్లాస్టర్ అచ్చులొస్తాయి. వాటి మీద మైనం పోసి, పళ్ళు పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టి మళ్ళీ ముందుగదికి పంపుతాడు. నోట్లో పెట్టేది డాక్టరు, దండాలు అందుకునేది డాక్టరు. ఈయన్ని అక్కడ అందరూ పళ్ళాయన అంటారు. ఏ అచ్చు చేతికిచ్చినా ఆ మనిషి ఏ పక్క నములుతాడో, నిద్దట్లో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేస్తాడు. ఆ మనిషే వీధిలో ఎదురైతే మాత్రం తలొంచుకుని పక్కకి తప్పుకుంటాడు. నోట్లో నాలుక లేనివాడికి పళ్ళ వ్యాపారం ఏమిటో అని భార్య నవ్వేది.

ఆ భార్య పోయి ఏడాది దాటింది. ఆయనకి మాటలు లేవని లోకం అనుకునేది గానీ, ఉన్న మాటలన్నీ ఆవిడ కోసం దాచుకునేవాడు. ముఖ్యంగా బోటులో. రేవుకి ఎదురుగా, మబ్బులేని రోజున ఇళ్ళ కప్పులు కూడా కనిపించేంత దగ్గర్లో ఒక దీవి ఉంది. ఆవిడ పుట్టిల్లు అక్కడే. ఇంజను బిగించిన చిన్న బోటు వాళ్ళ నాన్న ఆవిడకిచ్చాడు. సెలవురోజు వస్తే ఆవిడ వెనక ఇంజను పక్కన కూర్చుని నడిపేది, ఈయన ముందు బల్ల మీద ఆవిడకి ఎదురుగా కూర్చుని వారం రోజుల కబుర్లన్నీ ఏకరువు పెట్టేవాడు. ఆవిడ ఊకొడుతూ నవ్వేది. ఆవిడ పోయినప్పటినుంచి బోటు పడవల షెడ్డులో పట్టా కింద పడుంది. దీవిలో ఇప్పుడు మిగిలింది ఆవిడ అక్క, ఈయన వదినగారొక్కతే.

ఒకరోజు ఆ వదినగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మాట సగం గాలిలో పోతోంది.

"ఏమైంది వదినా?"

"ఏముందయ్యా, కింది పళ్ళ సెట్టు రెండు ముక్కలైంది. కడుగుతుంటే జారి తొట్టిలో పడింది. గంజినీళ్ళు తాగి బతుకుతున్నా."

"పాత అచ్చు నా దగ్గరుంది. కొత్తది చేసేస్తాను."

"చేసి సరుకుల పడవలో పంపెయ్యి. లాంచీ రిపేరుకి పోయింది కదా, మళ్ళీ ఎప్పుడొస్తుందో. సరుకుల పడవవాళ్ళు మనుషుల్ని ఎక్కించుకోరు గానీ పళ్ళని ఎక్కించుకుంటారులే."

"అలా కుదరదు. నోట్లో పెట్టి చూసి, తగిలేచోట అరగదీయాలి. నేనే తెస్తాను."

"దేన్లో?"

"మా బోటులో."

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు. నా పళ్ళకోసం నువ్వు రాళ్ళకి కొట్టుకుంటావటయ్యా? వద్దు మరిదీ."

ఆయన నీళ్ళు నమిలాడు. కానీ ఫోను పెట్టేశాక వద్దన్నమాట మనసులో నిలవలేదు. తెస్తాననడమే నిలిచింది. అలా అంటానని ఆయనకీ ముందు తెలియదు మరి.

మర్నాడే షెడ్డుకి వెళ్ళాడు. బోట్ల మెకానిక్ ఆయన్ని చూసి ఆశ్చర్యపోయాడు. పట్టాకి కట్టిన తాళ్ళు ఉప్పుగాలికి బిగుసుకుపోయి ఉన్నాయి. మెకానిక్ జేబులోంచి చాకు తీశాడు.

"ఆగు, కొయ్యొద్దు," అన్నాడు పళ్ళాయన.

ఆ ముడులు ఆవిడ వేసినవి. అదే చివరిసారి. గోళ్ళతో, తర్వాత జేబులో ఉన్న పనిముట్టు మొనతో, ఒక్కొక్కటే విప్పాడు. మెకానిక్ ఏమీ అనకుండా పెట్రోలు ట్యాంకు కడగడానికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే రేవు లోపలే బోటు తిప్పడం నేర్చుకున్నాడు. మొదటిరోజు జెట్టీకి గుద్దాడు, రెండోరోజు ఇంకొకరి బోటుకి. సాయంత్రాలు ఇంట్లో బల్ల మీద సముద్రపు పటం పరుచుకునేవాడు. పటం మీద దీవి బెత్తెడు దూరం కూడా లేదు. పెన్సిలుతో గీత గీశాడు. రాళ్ళ దిబ్బని ఎడమవైపు వదిలెయ్యాలి. నీళ్ళలో తేలే ఎర్రపీపాలు కుడిచేతి వైపు ఉండాలి. పొద్దుటిపూట గాలి ఉండదు, మధ్యాహ్నం దాటితే లేస్తుంది కాబట్టి అంతకుముందే తిరిగి రావాలి. ముప్ఫయ్యేళ్ళు ఆ దారిన వెళ్ళొచ్చాడు. కానీ కూర్చున్నది ఆవిడకి ఎదురుగా, దీవికి వీపు పెట్టి. ఎప్పుడూ చూసింది ఆవిడ మొహమే. దారి చూడలేదు.

ఆదివారం వెళ్ళాలని నిశ్చయమైంది. మెకానిక్ చివరిసారి అన్నీ అప్పగించాడు. "పెట్రోలు మూడు వంతులనుకోండి సార్. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒకటి ముట్టుకోకూడదు. లైఫ్ జాకెట్ విప్పొద్దు. ఈ ఎర్రతాడు ఒక కొస ఇంజనుకి తగిలించి, రెండోది చేతికి కట్టుకోండి. మీరు నీళ్ళలో పడితే ఇది ఊడి ఇంజను ఆగిపోతుంది, బోటు మిమ్మల్ని వదిలేసి పోదు. ఇంకోటి, ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి. ఎప్పటికి చేరతారో, ఎప్పటిదాకా ఫోను రాకపోతే తీరరక్షక దళానికి చెప్పాలో."

"నీకు చెప్పాను కదా. అక్కడ మా వదిన కూడా ఉంది."

"ఆవిడకి ఫోను అందేది కొండెక్కితేనే అన్నారుగా. నేను ఆదివారం మా అక్కావాళ్ళింటికి పోతున్నా. పిల్లల గోలలో నా ఫోను ఎక్కడుంటుందో నాకే తెలీదు. మీ ఇంట్లో ఎవరో ఒకరుంటారుగా, వాళ్ళకి చెప్పండి."

"ఆఁ, ఉంటారు," అన్నాడు పళ్ళాయన.

ఇంటికొచ్చి ఫోను తీశాడు. అందులో ఉన్న పేర్లన్నీ భార్య ఎక్కించినవే. ఆవిడ స్నేహితురాలొకామెకి ఫోను చేశాడు. గొంతు వినగానే ఆమె ఎంతో సంతోషించింది, ఆ వెంటనే ఏడ్చింది. ఆవిడ జ్ఞాపకాలు ఒక్కొక్కటే తీసింది. ఈయన ఓదార్చాడు. ఊరుకోండి, ఆరోగ్యం చూసుకోండి అన్నాడు. ఫోను పెట్టేశాక గానీ అడగవలసింది అడగలేదని గుర్తురాలేదు. మళ్ళీ చెయ్యడానికి చెయ్యి రాలేదు.

డాక్టరుని అడిగాడు. రోగి నోట్లో చెయ్యి పెట్టి ఉన్న డాక్టరు, "తప్పకుండా, దానికేం!" అన్నాడు. సాయంత్రం మెట్ల దగ్గర కనబడి, "ఇంతకీ ఏ దీవి?" అన్నాడు. ఇక ఆ ఆశా పోయింది. పక్కవాటా వాళ్ళ తలుపు దాకా వెళ్ళాడు. లోపల అందరూ ఏదో విషయానికి ఒక్కసారిగా నవ్వారు. తలుపు తట్టకుండానే వెనక్కొచ్చేశాడు. సముద్రం మీద పోవడానికి ఆయనకి భయం లేకపోలేదు. కానీ తను పోయినట్టు తెలియడానికి కూడా ఎవరూ లేరన్న సంగతి, ఆ వారమంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

శుక్రవారం ముందుగదిలో పెద్ద గొడవ. పెద్దావిడొకామె, కొత్త పళ్ళు టకటకమంటున్నాయని డాక్టరుని దులిపేస్తోంది. డాక్టరు విసిగిపోయి, "చేసినాయనే ఉన్నాడు, ఆయన్నే అడగండి," అని వెనకగదిలోకి పంపేశాడు. పళ్ళాయన బిత్తరపోయాడు. ఆ గదిలోకి అచ్చులు రావడమే గానీ మనుషులు రావడం లేదు.

"మీరేనా ఈ వాయిద్యం చేసింది?" అంది ఆవిడ.

"కూర్చోండి. ఏదన్నా మాట్లాడండి, వింటాను."

ఆవిడ గొంతు సవరించుకుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదకు రావలసిన రైలు..."

ఆ గొంతు ఆయనకి తెలుసు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి స్టేషన్లో మైకులోంచి వచ్చిన గొంతు. రిటైరై చాలా కాలమైంది. ఎక్కడ చప్పుడవుతోందో విని, సెట్టు తీసుకుని వెనకాల కాస్త అరగదీశాడు. ఆవిడే మళ్ళీ పెట్టుకున్నాక, తగిలేచోట మచ్చ పడే నీలం కాగితం కొరికించి, ఇంకాస్త అరగదీశాడు. ఈసారి రైలు చప్పుడు లేకుండా వచ్చింది.

ఆవిడ లేవబోతుంటే అడిగేశాడు. ఎలా అడిగాడో ఆయనకే తెలియదు. దీవి, బోటు, ఆదివారం, ఒడ్డున ఒకరు, అన్నీ ఒకదాని మీదొకటి పడ్డాయి.

"మీ ఇంట్లో ఎవరూ లేరా?" అంది ఆవిడ సూటిగా.

"లేరు."

"నాకూ లేరు. జాలిపడి చెప్పట్లేదు, ఉన్నమాట చెప్తున్నా. బయల్దేరే టైము చెప్పండి. చేరే టైము చెప్పండి. సుమారుగా అనొద్దు. నాకు గిట్టదు."

ఆదివారం పొద్దున సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా ఉంది. జెట్టీ నుంచి స్టేషనావిడకి ఫోను చేస్తే, "బయల్దేరారు. సరే," అని పెట్టేసింది. కొత్త పళ్ళ డబ్బా చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, లైఫ్ జాకెట్ బిగించి, తాడు మణికట్టుకి కట్టుకుని ఇంజను లాగాడు. రేవు దాటాక వేగం పెంచాడు. ఎర్రపీపాలు కుడివైపు, దిబ్బ ఎడమవైపు. అనుకున్నది అనుకున్నట్టే ఉంది. ముందు బల్ల ఖాళీగా ఎగిరెగిరి పడుతోంది.

ఆ సంతోషంలో, "నడిపేస్తున్నానే!" అని గట్టిగా అన్నాడు.

ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

మళ్ళీ అన్నాడు. కేకపెట్టాడు. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. ముందు బల్ల దగ్గర గాలి ఆ హోరుని వెనక్కి లాక్కుపోయేది కాబట్టి అక్కడ ఆయన మాట ఆయనకి చక్కగా వినపడేది. ఇక్కడ, ఆవిడ చోట, చెవి పక్కన ఇంజను తప్ప ఇంకేదీ లేదు. ముప్ఫయ్యేళ్ళు వారం వారం చెప్పిన కబుర్లు, డాక్టరు మీద చాడీలు, పళ్ళలో పురుగుల కథలు, ఆవిడకి ఒక్కటీ వినపడలేదు. వినపడకపోయినా ఊకొట్టింది. నవ్వింది. ఒక్కనాడు ఏమిటీ అని అడగలేదు.

ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. కళ్ళకేమీ కనపడక, చేత్తో తుడుచుకున్నాడు. ఎర్రతాడు కట్టిన చెయ్యి అది. తాడు ఊడింది. ఇంజను టక్కున ఆగింది.

నిశ్శబ్దం మీద పడ్డట్టయింది. బోటు అడ్డంగా తిరిగి ఊగడం మొదలెట్టింది. ఇంజను లాగాడు. రాలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా లాగాడు. దిబ్బ వైపు నీళ్ళు తీసుకుపోతున్నాయి, రాళ్ళ మీద నాచు కనిపిస్తోంది. ఒక్క క్షణం, పోనీలే అనిపించింది కూడా. అప్పుడు, ఊళ్ళో ఎక్కడో ఒక గదిలో ఒక ముసలావిడ గడియారం ముందు కూర్చుని ఉందని గుర్తొచ్చింది. సుమారుగా అనొద్దంది. తలొంచి చూసుకుంటే తాడు కొస కాళ్ళ దగ్గర వేలాడుతోంది. దాన్ని మళ్ళీ ఇంజనుకి తగిలించి లాగాడు. ఇంజను అందుకుంది. మిగిలిన దూరం పంటి బిగువున నడిపాడు.

దీవి చేరగానే వదినగారింటికి పోకుండా ముందు కొండెక్కి స్టేషనావిడకి ఫోను చేశాడు.

"లేటయ్యారు," అంది ఆవిడ. "తీరరక్షక దళం నంబరు నొక్కడానికి వేలు పెట్టుకుని కూర్చున్నా. ఎందుకైంది?"

"ఇంజను ఆగింది. అదీ... కళ్ళు తుడుచుకున్నాను."

"నేనైతే 'సాంకేతిక కారణాల వల్ల' అని చెప్పేదాన్ని," అని ఫోను పెట్టేసింది.

వదినగారు గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టింది, కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. ఆయన ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోరు తెరవమని, సెట్టు పెట్టాడు. ఒకరి నోట్లో తన చేత్తో పళ్ళు పెట్టడం ఆయన జీవితంలో అదే మొదలు. రెండుచోట్ల తగిలితే అరగదీశాడు. ఆవిడ ఆపిల్ పండు తెచ్చుకుని కసుక్కున కొరికింది. చెల్లెలి దవడే ఆవిడదీ. కింద కాస్త ముందుకొచ్చి, నవ్వినప్పుడు ఒక పక్కకి వాలుతుంది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"వదినా, మీకో సంగతి చెప్పాలి. బోటులో నేను మాట్లాడినవేవీ మీ చెల్లెలికి వినపడేవి కావు."

ఆవిడ నమలడం ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"అది పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. నీతో చెప్పొద్దని ఒట్టేయించుకుంది. చెబితే నువ్వు మాట్లాడ్డం మానేస్తావని దాని భయం." పండులో సగం కోసి ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెబితే ఒట్టు తప్పినట్టా, కాదా? నాకు తెలీదు. తిను."

ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని తిన్నారు. ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. లాంచీ ఎప్పుడు నడుస్తుందో అనుకున్నారు. పైకప్పు కారుతోందంటే, ఎక్కడో చూసొచ్చాడు. గాలి లేవకముందే బయల్దేరమని ఆవిడే తరిమింది. రేవు దాకా వచ్చింది గానీ చెయ్యి ఊపలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

తిరుగు ప్రయాణంలో ఏమీ జరగలేదు. జెట్టీకి ఈసారి గుద్దలేదు కూడా. ఫోను చేశాడు.

"వచ్చేశాను."

"టైముకే వచ్చారు," అంది ఆవిడ. "సరే."

ఇంకేమన్నా అంటుందేమోనని ఆయన, ఆయనేమన్నా అంటాడేమోనని ఆవిడ, ఇద్దరూ కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత ఎవరు పెట్టేశారో తెలియదు.

ఉప్పునీళ్ళలో తిరిగొచ్చిన బోటుని మంచినీళ్ళతో కడగాలి. గొట్టం తెచ్చి కడగడం మొదలుపెట్టాడు. ముందు ఇంజను, తర్వాత అంచులు, బల్లలు, తర్వాత మళ్ళీ ఇంజను. ఆదివారం కాబట్టి షెడ్డులో ఎవరూ లేరు, ఇంట్లో ఎలాగూ లేరు. కడగవలసినదానికంటే చాలా ఎక్కువసేపే కడిగాడు.