చుట్టుదారి

మానవ భూగోళశాస్త్రంలో ఆమె పరిశోధన, మనుషులు రోజూ నడిచే దారుల మీద. పెళ్లయిన కొత్తలో మొదటి పటం భర్త చేతే గీయించింది. "నడిచినందుకు కూడా డాక్టరేట్ ఇస్తారటోయ్?" అని ఆటపట్టిస్తూనే అతను ఇంటినుంచి ఆఫీసుకి తన దారి గీసి, మూలన నవ్వే సూర్యుణ్ణి కూడా వేశాడు.

అతను పోయాక గైడు మేడమ్ ఆ పటం చూశారు. "తిన్నగా రోడ్డుండగా ఇంత చుట్టెందుకమ్మా? పొరపాటేమో, తీసేద్దామా?"

ఆమె గీత వెంట వేలు పోనిచ్చింది. అది లైబ్రరీ వెనక సందులోకి తిరిగి, తను చదువుకునే కిటికీ కింద చిన్న చుక్కై ఆగింది.

"పొరపాటు కాదు మేడమ్, ఉండనివ్వండి. ఇలాంటి చుట్టు తెలియాలనేగా మనుషుల చేత గీయిస్తాం," అంది. "రోజూ ఆ కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. ఒక్కసారైనా కిందికి చూళ్లేదు."