బొట్టు లేని బొమ్మ

పొద్దున్నే మోహన్ శ్రీ సిటీ కంపెనీ బస్సుకి బయల్దేరతాడు. ఆ వేళకి వాళ్ళమ్మ దేవకమ్మ వంటింటి తలుపు వెనక్కి పోయి నిలబడుతుంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఇదే అలవాటు. బయటికి పోయే కొడుక్కి తాను ఎదురు రాకూడదని ఆమె పట్టింపు. మోహన్ "పొయ్యొస్తా మా" అని ఆ తలుపుతోనే చెప్పి పోతాడు.

సత్యవేడులోని ఆ ఇంట్లో, ముందుగది గోడకి పెన్సిలు బొమ్మ ఒకటుంది. అది కోడలు లోకేశ్వరిది. ఆమె వారపత్రికలకి కథలు రాస్తుంది. తిరుపతిలో సన్మానం చేసినప్పుడు, ధరణి అనే పిల్ల గీసిన ఆ బొమ్మని చేతికిచ్చినారు. బొమ్మలో లోకేశ్వరి కాగితాల మీదికి వంగి రాస్తా ఉంటుంది. పొద్దున జడ వదులుగా ఉంటుంది, మధ్యాహ్నానికి ముడేసుకుని ఉంటుంది. రాసీ రాసీ చేతిలో పెన్సిలు అరిగి, పటం కింద నల్లపొడి రాలుతుంది. దేవకమ్మ కసువు చిమ్మేటప్పుడు దాన్నీ ఎత్తి పారబోస్తుంది.

ఆమె బాధంతా నొసటి గురించే. పెన్సిల్లో ఎరుపు లేదు కదా, ధరణి అక్కడ ఖాళీగా వదిలేసింది.

"ముత్తైదువని బొట్టు లేకుండా ఎవురన్నా గీస్తారా మే? నా కొడుకు దినామూ రోడ్డున పొయ్యేవాడు."

"రాసేవాళ్ళ బొమ్మ అత్తా. నొసలు తెల్లగా ఉంటే ఆలోచన కనపడతాదంట, ఆ పిల్ల చెప్పింది."

"ఆలోచన నీకు, అరిష్టం నాకు."

ఆ వారమే కంపెనీ బస్సు గుంతలో దిగబడి మోహన్ మోకాలు గీరుకునింది. దేవకమ్మ ఇంక ఆగలేదు.

"రేపే ఆ బొమ్మ అటకెక్కాల. దాంతో పాటే నీ రాతలు కూడా."

లోకేశ్వరి సగం రాసిన కథని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

"అటకెందుకు మా, నువ్వే బొట్టు పెట్టెయ్" అన్నాడు మోహన్, మోకాలికి పసుపు రాసుకుంటా.

మర్నాడు దేవకమ్మ కుంకుమ తడిపి పటం అద్దం మీద, బొమ్మ నొసటికి నేరుగా పెట్టింది. అంతలో పాలకి తోడు మజ్జిగ కావాలని పక్కింటి నాగరత్నమ్మ వచ్చింది. పటం చూడగానే గుండెలు బాదుకుంది.

"అయ్యో లోకా! ఎప్పుడు పోతివే తల్లీ!"

లోకేశ్వరి అట్లకాడతో బయటికొచ్చింది.

"ఈడనే ఉండా పిన్నమ్మా. దోసె తింటావా?"

"పోయినోళ్ళ పటానికి గదా అద్దం మీద కుంకం పెట్టేది! నా ప్రాణం పొయ్యింది పో" అని కూలబడి, దోసె మాత్రం తినింది.

దేవకమ్మ సిగ్గుపడి కొంగుతో అద్దం తుడవబోయింది. అద్దంలో ఆమె ముఖం బొమ్మ ముఖం మీద పడింది. అద్దం మీది కుంకుమ వెనక రెండు ఖాళీ నొసళ్ళు ఒకచోటే కనపడినాయి.

బొమ్మ పెన్సిలు కింద పెట్టింది. చెయ్యి చాచి అద్దం మీది కుంకుమని వేలికి అద్దుకుని, పేరంటానికి వచ్చినామెకి పెట్టినట్టు దేవకమ్మ నొసటికి పెట్టింది. వేలు సల్లగా ఉంది. బొట్టు అంచున కొంచెం పెన్సిలు నలుపు అంటింది.

దేవకమ్మ చెయ్యి నొసటి దాకా పోయి ఆగింది.

"తుడుచుకోవద్దత్తా, ఆరనీ" అంది లోకేశ్వరి.

"వంకరగా పెట్టిందే" అని నాగరత్నమ్మ లేచొచ్చి, చిటికెన వేలితో సరిచేసింది.

మర్నాడు మోహన్ అలవాటు కొద్దీ "పొయ్యొస్తా మా" అని వంటింటి తలుపుకి చెప్పినాడు. తలుపు వెనక ఎవరూ లేరు.

"ఈడుండా" అని గేటు దగ్గర నుంచి వినపడింది. నొసట బొట్టుతో, చేతిలో వాడి క్యారేజీతో, దేవకమ్మ ఎదురుగా నడిచొచ్చింది.

"మర్సిపోయి పోతాండావు, తీసుకో. సాయంత్రం వచ్చేటప్పుడు బొమ్మకి కొత్త పెన్సిలు తే నాయనా. చేతిలోది అరిగిపోయుండాది."