ఉతికిన చొక్కా

గుర్రప్పందేలకు ఏం కట్టుకుని వెళ్లాలో తిరువూరులో ఎవరిని అడిగితే చెబుతారు? అయినా కరుణశ్రీ వారం రోజులుగా బళ్లో తోటి టీచర్ల బుర్రలన్నీ తినేసింది. ఫోన్లో చూస్తే అక్కడి ఆడవాళ్లు గంపలంత టోపీలు పెట్టుకుని ఉన్నారు. చివరికి విస్సన్నపేట వెళ్లి తల్లికి గంధం రంగు పట్టుచీర తెచ్చింది.

హన్నమ్మ ఆ చీరను కాదనలేదు. "కట్టుకుంటాలే. పైన మీ నాన్న ఖాకీ చొక్కా వేసుకుంటా," అంది.

"పత్తి తీతకి వెళ్తున్నావా అమ్మా? గుర్రం ఓనరుగారు పెద్దోళ్ల పక్కన కూర్చోబెడతానన్నారు. పరువు తీస్తావా ఏంటి?"

హన్నమ్మ పట్టు వదల్లేదు. ఆమె భర్త లాజరు ఇరవై రెండేళ్లు హైదరాబాదులో పందెం గుర్రాలను సాకాడు. నెలకోసారి ఇంటికొస్తే అన్నం తింటూ కూడా చుక్క అనే ఆడగుర్రం కబుర్లే. అతను పోయి నాలుగు నెలలైంది. చుక్క ఇప్పటికీ వాకిలి వైపే చూస్తోందని, ఆదివారం దానికి ఆఖరి పందెమని, ఒకసారి వచ్చి చూడమని ఓనరు ఫోన్ చేశాడు.

లాజరు చివరిసారి విప్పిన చొక్కాను ఆమె ఉతకలేదు. కవర్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. దిగులేసినప్పుడల్లా తీసి మొహానికి ఆనించుకునేది. ఆ వాసన తగిలితే చుక్క ఆయన్ని గుర్తుపడుతుందని, ఆయన్ని అంతగా ఎరిగిన ప్రాణి పక్కన కాసేపు ఏడవొచ్చని ఆమె ఆశ. ఆ మాట కూతురికి చెప్పడానికి సిగ్గేసింది.

శనివారం బయల్దేరే ముందు కరుణశ్రీ చొక్కా తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది. రెండుసార్లు ఉతికి, పూల వాసన వచ్చే లిక్విడ్‌లో ముంచి, చక్కగా ఇస్త్రీ చేసింది. ఊడిన గుండీ కూడా కుట్టింది.

"నాన్న చొక్కాకి సిగ్గుపడ్డం నాదే తప్పమ్మా. వేసుకో. ఇప్పుడు బాగుందా?"

హన్నమ్మ దాన్ని మొహానికి ఆనించుకుంది. మల్లెపూల వాసన. నాలుగు నెలలు ప్రాణంలా దాచుకున్నది బకెట్టు నీళ్లలో కలిసిపోయిందే అని గుండె పగిలింది. గట్టిగా అరవాలనిపించింది. కానీ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న ఆ పిచ్చిపిల్లను ఏమనగలదు?

"కొత్తదానిలా ఉంది తల్లీ," అంది.

ఆదివారం పందేనికి ముందు గుర్రపుసాలలో చుక్క మెడ చాచింది. కాలరు నుంచి చేతి మడత దాకా చొక్కానంతా వాసన చూసింది. తర్వాత ఆమె భుజం మీదుగా వాకిలి వైపు చూస్తూ నిలబడిపోయింది.

కరుణశ్రీకి అప్పుడు అర్థమైంది. "అమ్మా, నాకు చెప్పలేదేంటి?" అంటూ నోరు నొక్కుకుంది.

హన్నమ్మ గుర్రం మెడ నిమిరింది.

"నాక్కూడా దొరకలేదే," అంది దానితో.