హమ్మూ ఇచ్చిన సగం రాయి

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి విశ్వవిద్యాలయంలో రాళ్ళగది తాళం తీసి, అందరూ 'లల్లా', అంటే అమ్మగారూ, అని పిలిచే ఇత్తో తన పొడుగు జెల్లాబా అంగీ చేతులు పైకి మడిచి, పాత దుప్పటి గుడ్డతో రాళ్ళు తుడవడం మొదలుపెడుతుంది. అట్లస్ కొండల్లో ఏ ఊరివాళ్ళు రాయి తెచ్చిచ్చినా భూగర్భశాఖ వాళ్ళ పద్ధతి ఒకటే. దాన్ని రంపం మీద రెండుగా కోస్తారు. ఒక సగం మీద ఊరిపేరు, ఇచ్చినవాళ్ళ పేరు రాసి సొరుగులో పెడతారు. రెండో సగం ఇచ్చినవాళ్ళకే తిరిగిచ్చేస్తారు.

ఇంటికెళ్ళిన సగం తడిస్తే సొరుగులో సగమూ తడుస్తుంది. అందులో విడ్డూరమేముంది, ఒక కడుపున పుట్టినవేగా! పై ఊళ్ళలో వాన పడితే ఇత్తోకి మూడో బీరువా అంతా తుడిచే పని. ఎవరింట్లోనో చంటిది తమ సగాన్ని నోట్లో పెట్టుకుంటే ఇక్కడ రాయి జొల్లు కారుస్తుంది. పెళ్ళివారింట టీ ఒలికిన రోజున గదంతా పుదీనా వాసన.

ఇత్తోకి గిట్టనిది ఒక్కటే, విద్యార్థుల నాలుక. రాయి అసలు రంగు తేలాలంటే నాకి చూడటం ఆ శాఖలో పాత అలవాటు. ప్రొఫెసర్ ఇద్దర్ తల నెరిసినా మానలేదు.

"మేకలు ఉప్పురాయి నాకినట్టు ఏమిట్రా అది! ఇళ్ళల్లో తిండి పెట్టట్లేదా మీకు?" అని ఆవిడ గుడ్డ ఝళిపించేది.

ఆ వసంతంలో నత్త ముద్ర పడిన బూడిదరంగు రాయి ఒకటి రోజూ తడిగా కనపడసాగింది. ఎవడో వెధవ దీనికి మరిగాడు, దొరికితే చెవి మెలేస్తాను అనుకుంటూ రెండు నెలలు తుడిచింది.

సెలవులిచ్చారు. విద్యార్థులు ఇళ్ళకి పోయారు. కొండ ఊళ్ళ పంతుళ్ళకి ఐదురోజుల శిక్షణ మొదలైంది. పిల్లలకి రాళ్ళ గురించి ఎలా చెప్పాలో ఇద్దర్ ఉత్సాహంగా చెబుతుంటే, ఒకమ్మాయి మాత్రం కిటికీలోంచి కొండల వైపు చూస్తూ కూర్చునేది. పేరు తూదా. నాలుగో రోజు మధ్యాహ్నం ఇత్తో ఆ పిల్లని రాళ్ళగదిలోకి లాక్కెళ్ళి టీ పోసింది.

"ఏమైందే? మొహం చూస్తే చావుకబురు మోసుకొచ్చినట్టుంది."

"నేనిదంతా ఎందుకు నేర్చుకుంటున్నానో నాకే తెలీట్లేదు లల్లా. శుక్రవారం మా ఊరు ఖాళీ అయిపోతోంది. మూడు బావులు తవ్వారు, మూడింట్లోనూ దుమ్మే. శనివారం కింది పట్నం బడిలో చేరమని నాకు బదిలీ కాగితం వచ్చేసింది. ఊరూ, బడిగదీ నిలిస్తేనే రద్దు చేస్తారట. ఆరేళ్ళు లల్లా! ఆ గదికి సున్నం నా చేత్తో వేశాను. పదకొండు మంది పిల్లలు..."

"ఏ ఊరే మీది?"

"తజ్రూత్."

ఇత్తో చేతిలో గ్లాసు అక్కడే ఆగింది. నత్తరాయి మీద ఉన్న పేరు అదే. ఇవాళ పొద్దున్న కూడా తుడిచింది. సెలవుల్లో నాకడానికి ఎవడున్నాడు?

"అయ్యో, నా బుద్ధి మండిపోనూ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. "రెండు నెలలుగా మీ ఊరి నీళ్ళు నేను గుడ్డతో తుడిచేస్తున్నానే పిల్లా!"

సొరుగు లాగారు. తజ్రూత్ రాళ్ళు ఎనిమిది. ఏడు బూడిదలా పొడిగా ఉన్నాయి. ఎనిమిదోది చెమర్చి ఉంది. దాని మీద 'హమ్మూ, మేకలకాపరి' అని రాసుంది.

"ఆయన పోయి నాలుగేళ్ళయింది," అంది తూదా. "ఆయన సగం ఎక్కడ పెట్టాడో ఎవరికి తెలుసు?"

కేకలు విని ఇద్దర్ వచ్చాడు. విషయం విని రాయి తీసుకుని, అలవాటు కొద్దీ నాలుకకి తాకించాడు. ఈసారి ఇత్తో గుడ్డ ఝళిపించలేదు.

"వాన నీరు కాదిది, ఊటనీరు," అన్నాడు. "రాయి తీసుకుని వెళ్ళమ్మా. రెండో సగానికి దగ్గరయ్యే కొద్దీ ఎక్కువ తడుస్తుంది. అన్నదమ్ముల తీరే అంత."

గురువారం పొద్దున్నే తూదా ఊరు చేరింది. ఎండిన బావుల దగ్గర రాయి చెమర్చిందంతే. హమ్మూ ఇంటి ముందు బొట్లు కట్టింది. ఊరంతా ఆమె వెనకే నడిచింది. వాలు దిగుతుంటే నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఆఖరికి బడి గుమ్మంలో అడుగుపెట్టగానే గుప్పిట్లోంచి ధారకట్టింది.

ఊరిపెద్ద సక్కూ అక్కడే చతికిలబడ్డాడు.

"పంతులమ్మా, నువ్వు రాకముందు మాట ఇది. బడి కట్టేటప్పుడు ఇంటికో రాయి చొప్పున నేలలో వెయ్యాలనుకున్నాం. హమ్మూ గాడు తన సగం తెచ్చి నల్లబల్ల కింద వేశాడు."

ఎవరూ గడ్డపార ఎత్తలేదు. ఆ నేల తవ్వితే గోడలు నిలవవని అందరికీ తెలుసు. గది లేకపోతే బడి లేదు. బడి లేకపోతే తూదా లేదు.

"వద్దులే," అంది ఒక ముసలమ్మ. "ఇంకోచోట చూద్దాం."

"ఇంకోచోట చూడ్డానికి ఇవాళొక్కరోజే ఉంది అవ్వా," అంది తూదా. "గడ్డపార ఇలా ఇవ్వండి."

పిల్లల చేత బల్లలు బయట పెట్టించింది. ఏడుస్తూనే మొదటి పోటు తనే వేసింది. మధ్యాహ్నానికి ఒక గోడ కూలింది. సాయంత్రానికి నీళ్ళు మోకాలెత్తు నిలిచాయి, చల్లగా, తియ్యగా. సున్నపు పెళ్ళలు అందులో పాలమీగడలా తేలాయి. ఆడవాళ్ళు నవ్వుతూ, ఏడుస్తూ బిందెలు ముంచారు.

శుక్రవారం సామాన్లకని ముందే మాట్లాడిన లారీ వచ్చింది. ఊళ్ళో ఒక్క మంచం కూడా బయటికి రాలేదు. తూదా తన పెట్టె ఎక్కించుకుని డ్రైవర్ పక్కన కూర్చుంది.

మూడేళ్ళలో మొదటిసారి తల రుద్దించుకున్న ఒక చిన్నది, జుట్టు ఇంకా కారుతూ, లారీ పక్కనే పరిగెత్తింది.

"పంతులమ్మా! రేపు బడి ఎక్కడా?"

తూదా చెయ్యి బయటికి చాచి ఆ తడి తలని మలుపు దాకా తాకుతూనే ఉంది.